అంతరిక్ష ఫండు వారికి, ఏడున్నర యూనిట్ల వాటాదారు రాయునది

మహారాజశ్రీ అంతరిక్ష ఫండు వారికి,

పర్లాకిమిడి నుంచి రిటైర్డు రైల్వే బుకింగ్ క్లర్కు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం రోజూ సాయంత్రం ఏడింటికి, మా ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టే వేళకి, ఫోనులో తెలుస్తూనే ఉంది. ఎండాకాలం తమరి ధర పలికే అమెరికా షేర్ల బజారు తెరిచేది అప్పుడే కదా. చలికాలమైతే ఎనిమిదికి. అప్పటికి భోంచేసేస్తాను, తిన్నాక తమర్ని చూస్తే అరగదు.

మా బెంగుళూరు అబ్బాయి "నాన్నా, రేపటి బంగారం ఆకాశంలోనే ఉంది" అని నా రూపాయల్ని డాలర్లు చేయించి, అంతరిక్ష కంపెనీల షేర్లన్నీ ఒక మూట కట్టి అమ్మే తమరిలో వేయించాడు. ఆ మార్పిడిలో బ్యాంకు దక్షిణ బ్యాంకు తీసుకుంది. నేను అమెరికావాణ్ణి కానని ఒక కాగితం కూడా రాసిచ్చాను. గజపతి జిల్లాలో పుట్టి పెరిగిన నా మీద ఆ అనుమానం ఎవరికొచ్చిందో!

కొన్నాక, నా ఆస్తి ఏమిటో చూసుకుందామని తమరి మూటలో ఉన్న కంపెనీల జాబితా తీశాను. చంద్రుడి మీద రెండు సెంట్ల స్థలమైనా ఉంటుందనుకున్నాను. ఉన్నవేమో కార్లలో రేడియో పాటలు వినిపించే కంపెనీ, జీపీఎస్ గడియారాలు అమ్మే కంపెనీ, ఇంటి మీద గిన్నె పెట్టి టీవీ చూపించే కంపెనీ. మా డాబా మీదా ఒక గిన్నె ఉంది. నట్టు తుప్పు పట్టింది. కాకి వాలితే సీరియల్ ఆగిపోతుంది, మా ఆవిడ చీపురుకట్టతో పైకి వెళుతుంది. అదీ అంతరిక్షమేనట! రాకెట్లు ఎగరెయ్యడంలో వచ్చేది తక్కువ, నేల మీద గిన్నెల్లోనూ జీపీఎస్ పెట్టెల్లోనూ వచ్చేదే ఎక్కువ అని అబ్బాయి చెప్పాడు. న్యాయమే. మరి అట్ట మీద రాకెట్ బొమ్మ ఎందుకండీ? గిన్నె బొమ్మ వేసి ఉంటే మా ఆవిడ అప్పుడే వద్దనేది.

తమరి జ్ఞాతుల సంగతీ విన్నాను. 2021లో ఆర్క్ అనే అమెరికా ఫండ్ల కంపెనీ వారు తెచ్చిన అంతరిక్ష ఫండులో మొదట్లో జాన్ డీర్ ట్రాక్టర్ల కంపెనీ ఉండేది, నెట్‌ఫ్లిక్స్ కూడా. ట్రాక్టరు ఉపగ్రహాన్ని నమ్ముకుని చాలు తీస్తుంది కాబట్టి అంతరిక్షమేనట. ఆ లెక్కన మృగశిర కార్తె చూసి విత్తనం చల్లే మా రైతునీ చేర్చుకోండి.

అసలు రాకెట్ల వాళ్ళ భోగమూ చూశాం. వర్జిన్ ఆర్బిట్ వారు 2023 జనవరిలో విమానం రెక్క కింద కట్టి వదిలిన రాకెట్ కక్ష్య చేరలేదు. ఏప్రిల్‌కల్లా కంపెనీ దివాలా కోర్టు చేరింది. తమరి రుసుము మాత్రం ఏడాదికి నూటికి ముప్పావలా. లేచినా ముప్పావలా, కూలినా ముప్పావలా.

ఓపిక పట్టమంటారు. నాకా చెప్పడం? 1900లో మా రాజావారు నౌపడా నుంచి ఇక్కడికి బుల్లి రైలు వేయించారు. మొదట్లో అన్నీ నష్టాలే, 1910 దాటాక గాని నాలుగు రాళ్ళు కనబడలేదు. 1931లో గుణుపురం దాకా వెళ్ళింది. ఆ బండికే టిక్కెట్లు కొట్టినవాణ్ణి. ఎంత లేటైనా కూత వినబడేది, ఎక్కడుందో తెలిసేది. తమరిది ఏ స్టేషను దాటిందో ఎవర్నడగాలి?

ఇంకొక్క మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వస్తున్నట్టు మన ఇన్సాట్ ఉపగ్రహాలు పైనుంచి చూసి ముందే పట్టేశాయి. మా వీధిలో రేకులు ఎగిరాయి, మనుషులం లోపల ఉన్నాం. అందులో షేరు ఇప్పించమని అబ్బాయిని అడిగాను. ఇస్రో సర్కారుదట, అమ్మరట. నాకు అక్కరకొచ్చిన అంతరిక్షం అదొక్కటే, అదే తమరి దగ్గర లేదు.

పోనివ్వండి. మా ఆవిడ సందేహం ఒకటి తమరే తీర్చాలి. గిన్నెల కంపెనీలో మనకి వాటా ఉంటే, ఈ గిన్నెకి మనమే నెలనెలా డబ్బు కట్టడమేమిటని అడుగుతోంది. తిరుగు టపాలో తెలియజేయగలరు. ఈ నెల రీచార్జి 18న అయిపోతుంది.

ఇట్లు,
తమ విధేయుడు, ఏడున్నర యూనిట్ల యజమాని