చేయి తగలకుండానే పడిపోవాలట!

పోయిన ఆదివారం మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డ్. కుంగ్‌ఫూ మనదే, చైనా వెళ్లిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు మనవాడే, చైనావాళ్లు మన దగ్గర నేర్చుకుని మనకే అమ్ముతున్నారు. కింద ఇరవై దండాలు. పోనీలే అనుకున్నా గానీ, ఆరేళ్లుగా చైనా యుద్ధవిద్య సాధన కోసం పొద్దున్నే లేచి కాళ్లు వణికించుకుంటూ నిలబడుతున్నవాణ్ణి, ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు మన వాటా లెక్క తేల్చేద్దాం. జెన్ అనే బౌద్ధ ధ్యాన మార్గం పేరు మన దగ్గర్నుంచి వెళ్లిందే, అందులో పేచీ లేదు. మన ధ్యానం చైనాలో చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది. చాన్ వాళ్లు చెప్పుకునే గురుపరంపరలో మన నాగార్జునకొండకు పేరిచ్చిన నాగార్జునుడు 14వ వాడు, బోధిధర్ముడు 28వ వాడు. కుంగ్‌ఫూకి పేరుమోసిన చైనాలోని షావోలిన్ ఆరామం కూడా 5వ శతాబ్దం చివర్లో ఒక భారతీయ భిక్షువు కోసం కట్టించిందే, కాకపోతే ఆయన బోధిధర్ముడు కాదు, చైనావాళ్లు బాతువో అని పిలిచే ఇంకొకాయన. ఇక బోధిధర్ముడు భిక్షువులకు వ్యాయామం నేర్పితే అందులోంచి కుంగ్‌ఫూ పుట్టిందన్న కథ ఉంది చూశారూ, దానికి ఆధారంగా చూపించే యీజిన్ జింగ్ అనే వ్యాయామ గ్రంథం 1624 నాటిది. అంటే ఆయన పోయాక వెయ్యేళ్లకు వచ్చింది. పాతదనిపించడానికి 628లో రాసినట్టు ఒక దొంగ ముందుమాట కూడా తగిలించారు. ఈ బండారం బయటపెట్టింది మనమీద కుళ్లుకునేవాళ్లేం కాదు. తాంగ్ హావో అనే చైనా చరిత్రకారుడు 1930లోనే ఈ కథనీ, థాయ్ చీ అనే నెమ్మది కదలికల యుద్ధవిద్యని జాంగ్ సాన్‌ఫెంగ్ అనే దావోయిస్టు (దావో చైనావాళ్ల సొంత మతం) సిద్ధుడు కనిపెట్టాడన్న వాళ్ల సొంత కథనీ కలిపి ఉతికి ఆరేశాడు.

ఇంకో తమాషా. మనం జెన్, అంతర్గత శక్తి అని ఒకే ఊపిరిలో అనేస్తాం. 1669లో హువాంగ్ జోంగ్‌షీ అనే చైనా పండితుడు ఒక యోధుడి సమాధి మీద రాసిన మాటల్లో ఈ రెండూ ఎదురెదురు పార్టీలు. బౌద్ధుల షావోలిన్‌ది బయటి విద్య, దావోయిస్టు జాంగ్ సాన్‌ఫెంగ్‌ది లోపలి విద్య అని ఆయన గీత గీశాడు. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది బయటినుంచి వచ్చిన మంచూలు, ఈయన పడిపోయిన మింగ్ వంశానికి విధేయుడు, కాబట్టి బయటినుంచి వచ్చిన బౌద్ధాన్ని తిట్టి మంచూలకు చురక పెట్టాడని కొందరు చరిత్రకారులంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

ఇక అసలు కడుపుమంట. నాలుగేళ్ల కిందట ఒక వర్క్‌షాప్‌కి వెళ్లా, రెండు రోజులకి నాలుగు వేలు. మాస్టర్ గారు రెండు గజాల దూరం నుంచి అరచెయ్యి ఊపితే శిష్యులు వరసగా వెనక్కి ఎగిరి పడుతున్నారు. నా వంతు వచ్చింది. ఊపారు. నేను నిలబడే ఉన్నా. మళ్లీ ఊపారు. నిజం చెప్పొద్దూ, అందరూ చూస్తుంటే మొహమాటానికి పడిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా! చివరికి ఆయన "నీలో నమ్మకం లేదు, నాలుక అంగిటికి ఆనించలేదు" అన్నారు. 2017లో చైనాలోని చెంగ్దూలో థాయ్ చీ మాస్టర్ వెయ్ లెయ్, ఎంఎంఏ (అన్ని రకాల పట్లూ దెబ్బలూ కలిపిన పోటీ) ఫైటర్ షూ షియావోదోంగ్ ముందు నిలబడితే అర నిమిషం కూడా పట్టలేదు కింద పడటానికి. అక్కడ నమ్మకానికేం తక్కువైందో మరి. (అన్నట్టు థాయ్ చీలో ఉన్న చీ, శక్తి అనే చీ ఒకటి కాదు, చైనీస్‌లో రెండు వేర్వేరు అక్షరాలు. ఆ వర్క్‌షాప్ బ్యానర్ మీద రెండూ ఒకటే చేసేశారు.)

అలాగని అంతా బూటకం అని కొట్టిపారేసేవాళ్లతోనూ నాకు పడదు. మా అమ్మమ్మ ఎనభై దాటాక కూడా రోకలితో కారం దంచేది. చేతుల్లో బలం ఎక్కడిది? రోకలి ఎత్తేటప్పుడు నడుము లేచేది, దించేటప్పుడు ఒళ్లంతా దానితో పాటు దిగేది, భుజం మాత్రం వదులుగా ఉండేది. చైనావాళ్లు 'లీ' అంటే మొరటు బలం, 'జిన్' అంటే సాధనతో వచ్చిన బలం అని విడదీసి చెప్పేది ఇదే. నేలనుంచి మడమ, తుంటి, వెన్ను మీదుగా వేలికొసదాకా ఎక్కడా తెగకుండా రావాలి. మధ్యలో భుజం బిగిసిందా, అక్కడితో ఆఖరు.

దానికి మందు జాన్ జువాంగ్, అంటే గుంజలా నిలబడటం. 1963లో పోయిన వాంగ్ షియాంగ్‌జాయ్ అనే చైనా గురువైతే ముందే కట్టిపెట్టిన కదలికల వరసలన్నీ పక్కనపెట్టి ఈ నిలబడటాన్నే తన పద్ధతికి ప్రాణం చేశాడు. మోకాళ్లు కొంచెం వంచి, చెట్టుని వాటేసుకున్నట్టు చేతులు గుండెల ఎత్తున పెట్టి, కదలకుండా. మూడో నిమిషానికి భుజాలు మండుతాయి, ఎనిమిదో నిమిషానికి తొడలు వణుకుతాయి, ఆ తర్వాత మెదడు మొదలెడుతుంది: గ్యాస్ బుక్ చేశామా, మేనేజర్ ఆ మాట ఎందుకన్నాడు, టైమెంతయింది. మా సార్ ఏమీ చెప్పేవారు కాదు, వెనకనుంచి వచ్చి భుజం మీద ఒక్క వేలు పెట్టేవారు. అప్పుడు తెలిసేది, మేనేజర్ గురించి ఆలోచించిన ప్రతిసారీ నా భుజం చెవి దగ్గరికి వెళ్తోందని. ఆలోచన వచ్చింది, భుజం లేచింది, చూశా, వదిలేశా. నాకు తెలిసిన చాన్ ఇంతే. దీనికి సర్టిఫికెట్ ఇవ్వరు, వీడియో తీస్తే ఎవడూ చూడడు, అందుకే అరచెయ్యి ఊపేవాళ్లకే గిరాకీ.

నిన్న మేడ మీద నిలబడ్డా. పదిహేడో నిమిషంలో పక్కింటి పెద్దాయన పిట్టగోడ మీంచి తొంగిచూసి "ఏం బాబూ, బస్సు కోసమా?" అన్నారు. నవ్వొచ్చి రెండు భుజాలూ లేచిపోయాయి. మళ్లీ మొదటినుంచి.