శవానికి తగ్గ సూటు

మొన్న ఆదివారం ఒక మిత్రుడు మా ఇంటికొచ్చాడు. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయిన మనిషి. కాఫీ సగం తాగి, గ్లాసు కింద పెట్టి, ఎన్నాళ్లుగానో నా అజ్ఞానాన్ని భరిస్తున్నవాడిలా అన్నాడు: "మీ బండి మన తెలుగు డిటెక్టివులు ఆ యుగంధర్, రాజు దగ్గరే ఆగిపోయిందండీ. డిటెక్టివంటే లార్డ్ పీటర్ విమ్సీ. అదీ క్లాస్!"

మిగతా సగం కూడా తాగి ఆయన వెళ్లిపోయాడు. ఆ 'క్లాస్' మాత్రం మా హాల్లోనే కూర్చుంది, ఇప్పటిదాకా లేవలేదు.

నిజమే, క్లాసే. మన సినిమావాళ్లు హీరోలను క్లాస్, మాస్ అని రెండు వాటాలేసి చాలాకాలమైంది. మాస్ హీరో కొడితే చెమట పడుతుంది. క్లాస్ హీరో కొట్టినా ఇస్త్రీ నలగదు. ఇంగ్లీషువాళ్లు ఇదే పంపకం 1920ల్లోనే డిటెక్టివ్ నవలల్లో పూర్తిచేశారు. చెమట ఇన్‌స్పెక్టరుకి, ఇస్త్రీ దొరకి.

డొరొతీ సేయర్స్ 1923లో ఈ విమ్సీని లోకం మీదికి వదిలింది. డ్యూక్ ఆఫ్ డెన్వర్‌కి తమ్ముడు. లండన్ పిక్కడిల్లీలో ఫ్లాటు, ఒంటికన్ను అద్దం, పాతపుస్తకాల పిచ్చి. మొదటి నవలలో పాపం థిప్స్ అనే చిన్న ఆర్కిటెక్టు, లండన్‌లో బ్యాటర్సీ వైపు ఉంటాడు, పొద్దున్నే స్నానాల గదిలోకి వెళ్తే తొట్టిలో ఎవరిదో శవం. ఒంటిమీద నూలుపోగు లేదు. ముక్కుమీద మాత్రం బంగారు కళ్లజోడు! కబురు ఫోన్లో దొరగారికి అందింది. ఆయనేమో అప్పుడే పాతపుస్తకాల వేలానికి బయల్దేరి, కేటలాగు మరిచిపోయి వెనక్కొచ్చాడు. ఇప్పుడాయన ముందున్న సమస్య ఏమిటి? హంతకుడెవరన్నది కాదు. ఏ సూటు వేసుకోవాలన్నది.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పొడవు టోపీ, ఫ్రాక్ కోటుతో వెళ్తే అసలే బెదిరిపోయి ఉన్న థిప్స్ ఇంకా బెదిరిపోతాడు. కాబట్టి బూడిదరంగు సూటు, దానికి నప్పే టోపీ. అవతల శవం ఒంటిమీద బట్టల్లేవు కనుక దానికి మ్యాచింగ్ అడగడం కుదరదు. కళ్లజోడును బట్టే రంగు ఎంచుకోవాలి కాబోలు. చేతికర్ర కూడా ఉంది. దానిమీద అంగుళాల గీతలు, లోపల కత్తి, పిడిలో దిక్సూచి. బ్యాటర్సీ వెళ్లడానికి దిక్సూచి! థేమ్స్ నది దాటగానే దొరలకు దిక్కు తెలియదు మరి. శవం ఎదురు చూస్తూనే ఉంది. దానికేం తొందర, నీళ్లు కూడా చల్లబడే ఉంటాయి. ఇంతకీ వేలం? అక్కడికి నౌకరు బంటర్ వెళ్తాడు, ఇటాలియన్ కవి డాంటే పుస్తకం పాడుకుని రావాలి. బంటర్ మొదటి ప్రపంచయుద్ధంలో దొర కింద సార్జెంటు. ఇప్పుడు కాఫీ కలుపుతాడు, బట్టలు తీసిపెడతాడు, ఫోటోలు తీస్తాడు, వేలిముద్రలు పడతాడు. అంటే మనం ఫోరెన్సిక్ ల్యాబ్ అని పిలిచేదంతా ఈయన వంటింటి పక్కనే ఉందన్నమాట. కేసు ఛేదించిందెవరు? దొర.

రచయిత్రి మీద నాకు కోపం లేదు. ఆవిడే రాసుకుంది: అప్పట్లో చేతిలో డబ్బుల్లేవు, తన గదిలో తివాచీకి చిల్లు పడితే దొర ఇంటికి ఖరీదైన ఫ్రెంచి తివాచీ ఆర్డరిచ్చింది, బస్సు చార్జీకి లేనప్పుడు ఆయనకు డైమ్లర్ కారు కొనిచ్చింది. కాగితం మీద కొనడానికి ఖర్చేముంది! యుద్ధంనుంచి తెచ్చుకున్న దొరగారి పీడకలలు కూడా ఎగతాళి చెయ్యను. అవి నిజమైన కలలే.

1926 నవలలో అన్నగారైన డ్యూక్ మీదే హత్యానేరం. డ్యూకుని మామూలు జ్యూరీ ముందు నిలబెడితే మర్యాదేముంది? సాటి ప్రభువుల సభే విచారిస్తుంది. ఇది కల్పన అనుకునేరు. బ్రిటన్లో ఆ హక్కు 1948 దాకా ఉంది. 1935లో కారు ప్రమాదంలో ఒక మనిషి చనిపోతే లార్డ్ డి క్లిఫర్డ్‌ని ఆ సభే విచారించి నిర్దోషి అంది. నవల్లో తమ్ముడు అమెరికా నుంచి సాక్ష్యం జేబులో పెట్టుకుని విమానంలో అట్లాంటిక్ దాటి వస్తాడు. లిండ్‌బర్గ్ ఒంటరిగా దాటింది ఆ మరుసటి ఏడు. స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ పార్కర్ ఈలోగా రైళ్లెక్కి దిగుతుంటాడు. తర్వాతి నవలల్లో ప్రమోషనూ తెచ్చుకుంటాడు, దొరగారి చెల్లెల్నీ పెళ్లి చేసుకుంటాడు.

ఈయన ఒక్కడే అయితే పోనీలే అనుకుందుం. ఇంకో దొర డిటెక్టివ్ అల్బర్ట్ క్యాంపియన్ ఉన్నాడు, ఆయన నౌకరు మాజీ దొంగ. అమెరికాలో ఫైలో వాన్స్ ఉన్నాడు. వాడికి ఒక తన్ను తన్నాలని అక్కడి హాస్యకవి ఆగ్డెన్ నాష్ కవిత్వమే రాశాడు. నేనింకా కవిత్వం దాకా రాలేదు.

ఇంతకీ ఇంతమంది దొరలు ఎందుకు పుట్టుకొచ్చారు? ఇది కథ కాదు, నిజంగా జరిగింది: 1860లో ఇంగ్లండులో రోడ్ హిల్ హౌస్ అనే పెద్దింట్లో మూడేళ్లు పైబడిన పసివాణ్ణి గొంతుకోసి చంపారు. లండన్ నుంచి జొనాథన్ విచర్ వచ్చాడు. 1842లో స్కాట్లండ్ యార్డ్ మొదటిసారి డిటెక్టివుల్ని నియమించినప్పుడు తీసుకున్న ఎనిమిది మందిలో ఒకడు. తోటమాలి కొడుకు. కనిపించకుండా పోయిన ఒక నైట్‌గౌను పట్టుకుని, ఇంటి అమ్మాయి కాన్‌స్టెన్స్ మీద అనుమానమని చెప్పాడు. అంతే, దేశమంతా మీద పడింది. తోటమాలి కొడుకు పెద్దమనుషుల ఇంట్లో ఆడపిల్ల నైట్‌గౌను గురించి అడగడమా! అమ్మాయిని వదిలేశారు. విచర్‌ను పత్రికలు చీల్చి చెండాడాయి, 1864లో ఆరోగ్యం చెడి ఉద్యోగం మానుకున్నాడు. 1865లో కాన్‌స్టెన్స్ తనే వచ్చి, నేనే చంపానని ఒప్పుకుంది.

ఆ మనిషి మొదటి వారాల్లోనే కనిపెట్టాడు. కనిపెట్టినందుకే మునిగాడు. ఇకమీదట పెద్దింటి సింహద్వారం తట్టాలంటే తట్టేవాడు కూడా పెద్దింటివాడే అయ్యుండాలి. క్లాస్ అంటే ఇదండీ మేనేజరుగారూ.

ఇంకా ఉంది. నవలలు చదవనివాళ్లు ఇక్కడ కళ్లు మూసుకోండి, హంతకుల పేర్లు చెప్పేస్తున్నాను. 1928 నవల్లో హంతకుడు డాక్టర్ పెన్‌బెర్తీ, దొరగారి క్లబ్బు మనిషి. ఆయన్ని లైబ్రరీలో ఒంటరిగా వదిలి, రివాల్వర్ ఏ సొరుగులో ఉందో చెబుతారు. మర్యాదగా కాల్చుకుంటాడు. 1933లో టాల్‌బాయ్ అనే ఆఫీసు ఉద్యోగి. కుటుంబం పరువు పోకూడదు కదా, దొర సలహా ఇస్తాడు: వీధిలోకి వెళ్లు, వెనక్కి తిరిగి చూడకు. మిగతాది మత్తుమందుల ముఠావాళ్లు చూసుకుంటారు. 1937లో ఫ్రాంక్ క్రచ్లీ. గ్యారేజీలో పని, వారానికో రోజు తోటపని. ఇతనికి సొరుగుల్లేవు, రివాల్వర్లు లేవు, పరువు గురించి ఎవరికీ బెంగ లేదు. ఇతనికి తాడు. అందరూ చంపినవాళ్లే! చేసింది ఒకటే, చావులో కూడా మళ్లీ తోటమాలికి వేరే గుమ్మమా?

దొర పాపం మంచివాడే. తన డబ్బుతో పేరున్న లాయర్ని పెట్టాడు, జైలుకెళ్లి క్షమించమని అడిగాడు. ఫ్రాంక్ క్షమించనన్నాడు. ఆ పుస్తకం మొత్తమ్మీద నాకు నచ్చిన మనిషి అక్కడ ఫ్రాంకే.

ఉరి తీసే ఉదయం ఎనిమిది గంటలకు రచయిత్రి మనల్ని జైలుకు తీసుకెళ్లదు. దొరగారి గదిలో కూర్చోబెడుతుంది. ఆయన భార్య ఒళ్లో తలపెట్టి ఏడుస్తుంటాడు, ఆవిడ ఓదారుస్తుంటుంది. మా మిత్రుడు ఈ ఘట్టం చెబుతూ మొన్న గొంతు సవరించుకున్నాడు. "ఎంత సున్నితమైన మనసండీ" అన్నాడు, కాఫీలో పంచదార ఇంకాస్త వెయ్యమని మా ఆవిడకు సైగ చేస్తూ.