చెబితే చాలదు, తప్పుకోవాలి

అమెరికాకు చెందిన డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ కోల్స్ 2025 మేలో తన సీఈఓ ఆష్లీ బుకానన్‌ను తొలగించింది. ఆయన ఆ కుర్చీలో కూర్చుని అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. తనతో వ్యక్తిగత సంబంధం ఉన్న వ్యక్తి స్థాపించిన సంస్థకు మామూలుగా ఎవరికీ ఇవ్వని షరతులతో వ్యాపారం కట్టబెట్టారని, అదే వ్యక్తి సభ్యురాలిగా ఉన్న బృందంతో మిలియన్ల డాలర్ల కన్సల్టింగ్ ఒప్పందం చేయించారని, ఆ సంబంధాన్ని సంస్థకు చెప్పలేదని కంపెనీ ప్రకటించింది. బయటి న్యాయవాదులతో జరిపించిన విచారణలో ఈ సంగతులు తేలాయంది. సీఈఓ కాబట్టి వార్త అయింది. ఇదే వ్యవహారం కింది అంతస్తులో ఏ అసిస్టెంట్ మేనేజర్ టేబుల్ మీదో నడిస్తే ఆ ఫ్లోర్ దాటి బయటికి రాదు. కానీ ఉద్యోగుల విరుద్ధ ప్రయోజనాల సమస్యలో, అంటే సొంత లాభమో బంధుత్వమో సంస్థ తరఫున తీసుకునే నిర్ణయానికి అడ్డుపడే సమస్యలో, సింహభాగం ఉన్నది ఆ టేబుళ్ల దగ్గరే.

పర్చేజ్ విభాగంలో ఒక అధికారి ఉన్నాడనుకుందాం. సంస్థకు ప్యాకింగ్ పెట్టెలు కావాలి, కొటేషన్లు పిలిచారు. వచ్చిన నాలుగింటిలో ఒకటి ఆయన బావమరిదిది. లంచం ఊసే లేదు, మనిషి మంచివాడే. అయితే అట్ట ఎంత మందం ఉండాలో, సరుకు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో స్పెసిఫికేషన్ రాసింది ఆయనే. బావమరిది దగ్గరున్న మెషీన్‌కు సరిపోయే కొలతే, ఎవరూ అడక్కుండానే, కాగితం మీదికి వచ్చి కూర్చుంటుంది. మిగతా ముగ్గురికీ నోటీసు వచ్చాకే విషయం తెలిసింది. బావమరిదికి ఇంట్లో మాటల మధ్య అంతకు నెల ముందే తెలుసు. ఆర్డర్ వెళ్లాక సరుకు చూసి సంతకం పెట్టేదీ, బిల్లును అకౌంట్స్‌కు పంపేదీ మళ్లీ ఈయనే. ఒక లోడు తడిసి వచ్చింది. వెనక్కి పంపాలా? రేపు ఇంట్లో అందరికీ మొహం చూపించాలి కదా. ‘ఈసారికి సర్దుకుందాం’ అంటాడు.

ఇందులో పోలీసు కేసు పెట్టేంత నేరం ఎక్కడుందో చూపించమంటే కష్టం. నష్టం మాత్రం ప్రతి మెట్టు దగ్గరా ఉంది. మూడు కొటేషన్లు వేసినవాళ్లు ఇక ఈ సంస్థకు కొటేషన్ వేయడం వృథా అనుకుంటారు. పక్క సీట్లో కూర్చున్న ఉద్యోగి అంతా గమనించి, తన వంతు వచ్చినప్పుడు తానూ అదే చేస్తాడు. అవినీతి నిరోధక నియమాలు సాధారణంగా లంచం ఊసు వచ్చాకే మేలుకుంటాయి. విరుద్ధ ప్రయోజనాల విధానం అంతకు చాలా ముందే పనిచేయాలి. అందుకే అది మనిషి మంచివాడా చెడ్డవాడా అని అడగదు, అడగకూడదు. ఈ నిర్ణయం దగ్గర ఈయన ఉండవచ్చా లేదా అన్నదే దాని ప్రశ్న.

ఈ తేడా తెలియకపోవడం వల్లే ‘అంటే నా మీద నమ్మకం లేదా?’ అనే మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. నిజానికి ఈ నియమం అందరికన్నా ముందు కాపాడేది ఆ ఉద్యోగినే. టెండర్ దక్కనివాడు రేపు ఫిర్యాదు చేస్తే, ‘ఆ రోజు ఆయన ఆ గదిలోనే లేడు’ అని మినిట్స్‌లో రాసి ఉన్న ఒక్క వాక్యం ఆయన ఇరవై ఏళ్ల సర్వీసుకు పూచీ పడుతుంది. నిజాయతీకి సాక్ష్యం కావాలంటే ఇంతకన్నా చవకైనది దొరకదు.

పెద్ద సంస్థల్లో విధానాలు లేవా అంటే, దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి. ఏడాదికోసారి ఈమెయిల్ వస్తుంది, పోర్టల్‌లో ‘అవును’, ‘కాదు’ అని రెండు గడులుంటాయి, గడువు ముగిసేలోగా అందరూ ‘కాదు’ మీద నొక్కి పనిలో పడతారు. ఎవరైనా పొరపాటున ‘అవును’ అంటే ఏమవుతుంది? ఆ ఫారం హెచ్‌ఆర్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఆ ఉద్యోగి మర్నాడు అదే సీట్లో కూర్చుని అవే ఫైళ్లు చూస్తాడు. చెప్పేశాడు కాబట్టి ఇప్పుడు మరింత ధీమాగా చూస్తాడు.

ఈ ధీమా మా ఊహ కాదు. డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ అనే ముగ్గురు పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. సీసాలో పోసిన నాణేల విలువను దూరం నుంచి చూసి అంచనా కట్టేవారు కొందరు, దగ్గర నుంచి చూసి వారికి సలహా ఇచ్చేవారు కొందరు. అంచనా ఎంత ఎక్కువైతే సలహాదారుకు అంత ఎక్కువ డబ్బు వచ్చే ఏర్పాటు చేశారు. ఆ సంగతి బయటపెట్టినప్పుడు సలహాదారులు తగ్గుతారనుకుంటాం. తగ్గకపోగా అంకెను ఇంకా పెంచి చెప్పారు. వినేవారు తగ్గించుకున్నది చాలా తక్కువ. ముందే చెప్పాం కదా, ఇక జాగ్రత్త అవతలివాడి బాధ్యత అన్న భావన మనసును తేలిక చేస్తుందన్నమాట. బయటపెట్టడం ఒక్కటే మందు అని నమ్మే విధానాలన్నీ ఈ గోతిలోనే పడుతున్నాయి.

అమెరికా ఇంధన వ్యాపార సంస్థ ఎన్రాన్ కథ దీనికి పెద్ద ఉదాహరణ. ఆ సంస్థలో విలువల గురించి రాయడానికి ఎవరూ బద్ధకించలేదు. నైతిక నియమావళి 64 పేజీల పుస్తకం. 1999లో ఆర్థిక విభాగం అధిపతి ఆండ్రూ ఫాస్టో తానే నడిపే భాగస్వామ్య సంస్థలు పెట్టి, వాటి ద్వారా ఎన్రాన్‌తోనే లావాదేవీలు చేస్తానన్నారు. దాచలేదు, బోర్డు ముందుకే తెచ్చారు. బోర్డు నియమావళి నుంచి ఆయనకు మినహాయింపు ఇచ్చి, కొన్ని తనిఖీలు పెట్టి సరిపెట్టుకుంది. తర్వాత ఏం జరిగిందో చూడండి. ఎన్రాన్ తరఫున బేరమాడాల్సిన ఉద్యోగులకు ఎదుటి పక్షం యజమాని తమ సంస్థలోనే పెద్ద అధికారి, కొందరికైతే నేరుగా పైఅధికారి. ఇది తన వల్ల కాదని కంపెనీ ట్రెజరర్ 2000 మార్చిలో అధ్యక్షుడు జెఫ్ స్కిల్లింగ్‌కు మొర పెట్టుకున్నారు. కొద్ది వారాల్లోనే ఆయనను వేరే విభాగానికి మార్చారు. ఆ స్థానంలోకి వచ్చిన అధికారి ఫాస్టో వ్యవహారాలకు సంబంధించిన ఒక ఏర్పాటులో 5,800 డాలర్లు పెట్టి పది లక్షల డాలర్ల దాకా వెనక్కి తీసుకున్నారని ఆ తర్వాత బయటపడింది. స్కిల్లింగ్ సంతకం చేయాల్సిన పలు అనుమతి పత్రాల్లో ఆ చోటు ఖాళీగా ఉందని బోర్డు వేసిన కమిటీయే 2002 ఫిబ్రవరిలో నివేదించింది. ఫాస్టోకు ఈ భాగస్వామ్యాల మీద ముట్టింది 3 కోట్ల డాలర్లకు పైమాటే. అప్పటికే, అంటే 2001 డిసెంబరులోనే, ఎన్రాన్ దివాలా తీసింది.

ఇక్కడ నియమం ఉంది, వెల్లడి ఉంది, బోర్డు ఆమోదం ఉంది, కాగితం మీద తనిఖీ కూడా ఉంది. లేనిదల్లా ఒక్కటే. ఆ మనిషిని ఆ వ్యవహారం నుంచి పక్కకు తప్పించిన వారెవరూ లేరు.

ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడిగా ఉన్న పాల్ వోల్ఫోవిట్జ్ 2007లో రాజీనామా చేయాల్సి రావడంలోనూ ఇదే కనిపిస్తుంది. బ్యాంకులో పనిచేస్తున్న ఒక అధికారిణితో తనకు సంబంధం ఉందని ఆయన పదవిలోకి వచ్చేటప్పుడే చెప్పారు. ఆమెను బ్యాంకు బయటికి, అమెరికా విదేశాంగ శాఖకు పంపించారు కూడా. అయితే ఆమెకు జీతం ఎంత పెంచాలో, పదోన్నతి ఎలా ఉండాలో హెచ్‌ఆర్ అధిపతికి చెప్పింది మాత్రం ఆయనే. తప్పుకోవాల్సిన చోట ఆగి, చివరి సంతకానికి మళ్లీ తానే చెయ్యి చాపితే ముందు చెప్పిన నిజమంతా గాలికి పోతుంది.

పైవారికి మినహాయింపు, కిందివారికి డిస్మిస్ ఆర్డర్ అన్న తీరు కూడా చూడాలి. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకూ పనిచేస్తూ దొరికిన 300 మందిని తొలగించామని చెప్పారు. పోటీ సంస్థకు పనిచేయడం విరుద్ధ ప్రయోజనమే, అందులో వాదన లేదు. కానీ దాని మీద రేగిన చర్చ ముగిసేసరికి రాత్రిపూట పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాడూ, సెలవు రోజు ఫొటోలు తీసేవాడూ భయపడే పరిస్థితి వచ్చింది. యజమాని కొనుక్కున్నది పని గంటలు, రహస్యాలకు కాపలా, నిర్ణయాల్లో నిష్పాక్షికత. మనిషి ఇరవై నాలుగు గంటలూ కాదు. సొంత సంస్థ వ్యాపారానికి పోటీ కాని, దాని సమాచారం వాడుకోని, ఆఫీసు పనిని దెబ్బతీయని రెండో సంపాదనను విరుద్ధ ప్రయోజనాల ఖాతాలో వేయడం విధానాన్ని కర్రగా మార్చడమే. అలా చేస్తే అసలు చెప్పాల్సినవాళ్లు కూడా నోరు మూసుకుంటారు.

భార్య ఒక కంపెనీలో, భర్త దాని పోటీ కంపెనీలో పనిచేయడం ఇవాళ సర్వసాధారణం. ఈ సంగతి రాసిచ్చిన ఉద్యోగిని ముఖ్యమైన ప్రాజెక్టులన్నింటికీ దూరం పెడితే, మరుసటి ఏడాది అందరి ఫారాల్లోనూ ‘కాదు’ అనే ఉంటుంది. ఫలానా బిడ్డింగ్ నడిచినంత కాలం ఆ ఫైలు చూడొద్దు అంటే చాలు. అలాగే బంధువుల పేర్లు, వాళ్ల ఉద్యోగాలు, పెట్టుబడుల చిట్టా మొత్తం అడిగే ఫారాలున్నాయి. ఆ బంధువులు ఈ సంస్థకు ఏ హామీ సంతకమూ చేయలేదు. ఉద్యోగి తీసుకునే నిర్ణయాలకు తగిలేంత మేరకే అడగాలి, అడిగినదాన్ని చూసే కళ్లు కూడా లెక్కపెట్టినన్నే ఉండాలి.

ఇన్ని సుద్దులు చెబుతున్న పత్రికలూ ఉద్యోగులతో నడిచే సంస్థలేనని మాకు తెలుసు. వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో షేర్ల మీద కాలమ్ రాసే విలేకరి ఒకరు, రేపటి కాలమ్‌లో ఏముందో ముందురోజే బ్రోకర్లకు చేరవేసి డబ్బు చేసుకున్న వ్యవహారం 1980లలో బయటపడింది. ఆయన శిక్షను అమెరికా సుప్రీంకోర్టు 1987లో ఖరారు చేసింది. అచ్చయ్యేదాకా ఆ సమాచారం పత్రిక సొత్తు అని ఆ పత్రిక నియమాల్లో రాసి ఉంది, విలేకరికీ ఆ సంగతి తెలుసు. ఒక కంపెనీ షేర్లున్న విలేకరి ఆ కంపెనీ వార్త రాయకూడదు, ఆ షేర్ల సంగతి తన వార్తలు ఎడిట్ చేసేవాడికి చెప్పకుండా ఉండకూడదు. విలేకరికి వర్తించే ఈ మాట ఎడిటర్‌కూ యజమానికీ వర్తించకపోతే దానికి విలువ లేదు.

వెల్లడి ఎవరి దగ్గర చేయాలన్నది కూడా చిన్న విషయం కాదు. చాలా చోట్ల ఉద్యోగి తన పైఅధికారికే చెప్పాలి. సమస్య ఆ పైఅధికారిదే అయితే? ఆయన కింద పనిచేసే హెచ్‌ఆర్ మేనేజరే విచారణాధికారి అయితే? ఎలుకకు పిల్లి సాక్ష్యం అన్నట్టుంటుంది. విభాగాధిపతుల ప్రకటనలు బోర్డులోని స్వతంత్ర సభ్యుల దగ్గరకు, సీఈఓ ప్రకటన ఆడిట్ కమిటీ దగ్గరకు వెళ్లాలి. చిన్న సంస్థల్లో ఆ పని తెలిసిన మనిషి ఒక్కరే ఉంటారు, ఆయన్ని తప్పిస్తే పని ఆగిపోతుందనే మాటలో నిజముంది. అలాంటప్పుడు రేటు సరిచూసే పని బయటి మనిషికి ఇచ్చి, నిర్ణయం వెనక కారణం నాలుగు వాక్యాల్లో రాసి పెట్టాలి. ఆ మాత్రం ఖర్చు భరించలేని సంస్థ ఆ కాంట్రాక్టును బంధువుకు ఇవ్వకపోవడమే మేలు.

ఎన్రాన్ తర్వాత 2002లో అమెరికా తెచ్చిన సార్బేన్స్-ఆక్స్లీ చట్టంలో ఒక మంచి నిబంధన ఉంది. ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్ద అధికారులకు నైతిక నియమావళి నుంచి మినహాయింపు ఇస్తే ఆ సంగతి వెంటనే బయటపెట్టాలి. స్టాక్ మార్కెట్‌లో లేని సంస్థలకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. బయటి వాటాదారులు లేకపోతే ఉద్యోగులున్నారు. ఏడాదిలో పై స్థాయిలో ఎన్ని మినహాయింపులు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఎవరు ఇచ్చారు అన్నది సంస్థలోని వారందరికీ తెలిసేలా పెట్టాలి. వాళ్లు నింపే ఫారంలోనూ ‘అవును’, ‘కాదు’ పక్కన మరో మూడు గడులు చేర్చాలి: ఈ ప్రకటన తర్వాత ఏ పని నుంచి తప్పించారు, ఆ నిర్ణయం ఇప్పుడు ఎవరు తీసుకుంటున్నారు, ఎప్పటిదాకా. ఆ గడులు నింపాల్సింది ఉద్యోగి కాదు, యాజమాన్యం. అవి ఖాళీగా ఉన్న ప్రతి ఫారానికీ ఆడిటర్ జవాబు అడగాలి.