నెల్లూరు స్థలానికి డాలస్ లెక్క పనికిరాదు

కొన్ని వారాలుగా నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు డాలస్‌లో స్థిరపడిన మన జిల్లావాసి రాసినట్టుగా ఉన్న ఆ సందేశం చెప్పేదిది: కోటి రూపాయల ఇంటికి నెలకు ఇరవై వేలకు మించి అద్దె రాని ఊళ్లో ఆ కోటి అబద్ధపు ధర, అదంతా నల్లధనం పెంచిన ధర, అక్కడ చెప్పుకోదగ్గ సంపాదన లేదు, 2008లో అమెరికాలో ఇళ్ల ధరలు కూలినట్టే ఇక్కడా కూలుతాయి, రూపాయి ఎలాగూ పడిపోతోంది కాబట్టి స్థలం ఉన్నవాళ్లు వచ్చిన కాడికి అమ్మేసుకోండి.

నేను నెల్లూరులో దస్తావేజులు రాసేవాడిని. పోయిన నెలలో రిటైరైన టీచరమ్మ ఒకరు అదే సందేశాన్ని ఫోనులో చూపించి, ఊరి అంచున తమకున్న ఇరవై అంకణాల స్థలం గురించి అడిగారు. మా వైపు అంకణమంటే డెబ్బై రెండు చదరపు అడుగులు, అంటే ఆమెది నూట అరవై గజాలు. “పిల్లోడు పంపించాడు నాయనా, ఎంతకొస్తే అంతకు ఇచ్చేయమంటున్నాడు” అన్నారు. నాలుగు వాక్యాల సందేశం చూసి ముప్పై ఏళ్ల జీతంలో మిగిల్చుకున్న స్థలాన్ని అయినకాడికి వదులుకోబోతున్న ఆమెను చూశాకే ఇది రాయాలనిపించింది.

ముందు అద్దె సంగతి. లెక్కలో తప్పు లేదు. కోటి మీద ఏడాదికి రెండు లక్షల నలభై వేలంటే నూటికి రెండున్నర కూడా కాదు, బ్యాంకులో డిపాజిట్ చేస్తే అంతకు రెట్టింపు పైగా వస్తుంది. అయితే డాలస్‌లో అద్దెకూ ధరకూ మధ్య ఇంత దూరం ఎందుకు ఉండదో ఆ రచయిత చెప్పలేదు. టెక్సాస్‌లో ఇంటి యజమాని ఇంటి విలువలో దాదాపు రెండు శాతం దాకా ఏటా ఆస్తిపన్నుగా కట్టాలి, దానికి బీమా తోడవుతుంది. ఆ ఇంటిని ఖాళీగా ఉంచుకోవడమంటే ఏటా చేతి డబ్బు పోగొట్టుకోవడమే కనుక అద్దె గిట్టుబాటు కాని ధరకు అక్కడ కొనేవాడు దొరకడం కష్టం. మన మునిసిపాలిటీల్లో 2021 నుంచి ఇంటిపన్నును ఆస్తి విలువ మీద లెక్కిస్తున్నా, అది టెక్సాస్ పన్నులో చిన్న భాగమే. స్థలాన్ని అట్టిపెట్టుకోవడానికి ఇక్కడ పెద్దగా ఖర్చు కాదు, అందుకే యజమాని తొందరపడడు. పైగా ఇక్కడ అద్దెను నిర్ణయించేది అద్దెకుండేవారి జీతం, స్థలం ధరను నిర్ణయించేది కొనేవారు కూడబెట్టిన సొమ్ము. కూతురి పెళ్లికనో, ముసలితనానికనో రొయ్యల రైతు, కిరాణా వ్యాపారి, కువైట్‌లో డ్రైవరు పని చేసే మనిషి స్థలం కొని పెట్టుకుంటారు, అద్దె వారి ఆలోచనలోనే ఉండదు. కాబట్టి అద్దె తక్కువ అన్న సంగతి నుంచి ధర కూలుతుందన్న నిర్ణయం రాదు. దాని నుంచి వచ్చే సలహా వేరు: చేతిలో డబ్బు లేక ఎనిమిది శాతం వడ్డీకి అప్పు చేసి ఇల్లు కొనదలచిన కుర్ర ఉద్యోగికి కొన్నేళ్లు అద్దె ఇంట్లో ఉండడమే లాభం. ఆ మాట సందేశంలో ఉంటే నేనూ పదిమందికి పంపేవాడిని.

2008తో పోలిక బొత్తిగా అతకదు. అమెరికాలో ఆ ఏడు సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసేదాకా జరిగిందేమిటంటే, ఆదాయం సరిగ్గా చూడకుండా ఇచ్చిన గృహరుణాలను బ్యాంకులు మూటలు కట్టి ఇతరులకు అమ్ముకున్నాయి. ధర అప్పు కంటే దిగజారగానే, కొన్ని రాష్ట్రాల్లో చట్టం వీలిచ్చినందున చాలామంది ఇంటి తాళాలు బ్యాంకుకిచ్చి వెళ్లిపోయారు. మన దగ్గర రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ముప్పై లక్షల లోపు రుణమైతే ఇంటి విలువలో తొంభై శాతానికి, డెబ్బై అయిదు లక్షలు దాటితే డెబ్బై అయిదు శాతానికి మించి ఇవ్వకూడదు. ఇల్లు వేలం వేసినా తీరని బాకీకి అప్పు తీసుకున్న మనిషే బాధ్యుడు. ఇక ఊరి చివర ఖాళీ ప్లాట్లలో ఎక్కువ భాగం బ్యాంకు అప్పు లేకుండానే చేతులు మారతాయి. అప్పు లేనివాడిని అమ్మి తీరాలని ఎవరూ బలవంతం చేయలేరు. అందుకే చెడ్డకాలంలో ఇక్కడ ధర కూలడం కంటే బేరాలు ఆగిపోవడం ఎక్కువ. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాక కొన్ని నెలలు నా బల్ల దగ్గరికి మనుషులు రావడమే తగ్గిపోయింది, అంతేగాని సగం ధరకు రాయించుకున్నవారిని నేను చూడలేదు.

ధర నిజంగానే కుప్పకూలిన చోటు మన పక్కనే ఉంది, అది దొనకొండ. రాష్ట్రం విడిపోయిన 2014లో రాజధాని అక్కడికే వస్తుందన్న పుకారు మీద కార్లలో వచ్చి మరీ పొలాలకు అడ్వాన్సులు ఇచ్చారు. సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాల్లో అని ప్రకటన రాగానే కొనేవారు కనబడకుండా పోయారు. అది పుకారు మీద పెరిగిన ధర. రోడ్డు, కాలువ, పక్కన నాలుగు ఇళ్లు ఉన్న లేఅవుట్‌ను దానితో కలిపి ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

నల్లధనం మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. రిజిస్ట్రారు ఆఫీసు లెక్కగట్టే మార్కెట్ విలువకూ, చేతులు మారే అసలు ధరకూ తేడా ఉంటుందన్నది అందరికీ తెలిసిందే, అది ఊరికి మంచిది కాదు. కానీ ఇక్కడ సంపాదన లేదనడం ఈ నేల మీద కష్టపడేవారిని అవమానించడమే. విడవలూరు, ఇందుకూరుపేట చెరువుల రొయ్య అమెరికా పళ్లెంలోకి వెళుతుంది. చీమకుర్తి నల్ల గ్రానైటు దేశదేశాల మేడల్లో పరిచి ఉంది. ప్రకాశం పొగాకు వేలం కేంద్రాల్లో బేలుకు పలికే ధరను బట్టి ఒంగోలులో ఇనుము, సిమెంటు అమ్మకాలు పెరిగి తరుగుతాయి. ఈ సంపాదనకు ఒడుదొడుకులు ఉన్నాయి: 2025లో నల్ల బర్లీ పొగాకును కొనేవారు లేక ప్రభుత్వమే సహకార సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది, అదే ఏడు ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని యాభై శాతానికి పెంచింది. రొయ్య ధర పడిన ఏడాది స్లాబు దాకా వచ్చిన ఇల్లు అక్కడే ఆగుతుంది. ఇక్కడి ఇళ్ల ధర గురించి ఎవరైనా భయపడదలిస్తే భయపడవలసింది దీనికి.

రూపాయి సంగతిలో ఆ సందేశం రాసినాయన లెక్క ఆయనకు సరైనదే. 2014లో డాలరు అరవై చుట్టూ ఉండేది, 2025 డిసెంబరులో తొంభై దాటింది, అంటే ఈ మధ్యకాలంలో స్థలం ధర ఒకటిన్నర రెట్లు అయినా డాలర్లలో మిగిలిన లాభం సున్న. కానీ నెల్లూరులో బియ్యం, మందులు కొనుక్కునే టీచరమ్మ డాలర్లలో ఖర్చు పెట్టరు.

మరో సంగతి. రెండు వారాల సెలవు మీద వచ్చి, విమానం ఎక్కేలోపు అమ్మి వెళ్లాలనుకున్నవారు నా దగ్గరికి వస్తుంటారు. విదేశాల్లో ఉండే అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములోంచి కొనేవాడు పన్ను మినహాయించి కట్టాలి, అది స్థానికుడి దగ్గర యాభై లక్షలు, ఆపైన పెట్టి కొన్నప్పటి ఒక శాతంలా ఉండదు, ఆ తలనొప్పికి వెరచి కొనేవారు వెనకాడతారు. ఆ హడావిడిలో తక్కువకు అమ్ముకుని వెళ్లినవారే ఇక్కడ మార్కెట్టు పడిపోయిందని చెబుతారు. పడింది వారి తొందర ధర.

నిజానికి మనవాళ్లను ముంచుతున్నవి ఆ సందేశంలో లేనే లేవు. రిజిస్ట్రేషన్ చేయకూడదని ప్రభుత్వం పెట్టిన 22ఏ నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్లు, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని లేఅవుట్ చేసి అమ్మడం, అనుమతి లేని వెంచర్లు, ఒకే ప్లాటును ఇద్దరికి రాయడం, వీటిలో దేనివల్లనైనా స్థలం ధర ఒక్క పూటలో సున్న అవుతుంది. అందుకే టీచరమ్మ స్థలానికి ముందు ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయించాను. ఆమె కొన్న నాటి నుంచి మరో లావాదేవీ లేదు, లేఅవుట్‌కు అనుమతి ఉంది, సర్వే నంబరు నిషేధిత జాబితాలో లేదు. డబ్బుతో ఈ ఏడు పని ఏమైనా ఉందా అని అడిగితే లేదన్నారు. కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకుని, ఈసీ నకలు మాత్రం ఫోటో తీసి కొడుక్కి పంపించమన్నారు, పంపించాను.