రాయి పుట్టినరోజు జూన్ 1 ఎందుకు కాకూడదు?

ఒకప్పుడు మన దగ్గర మనిషి వయసు తేలడానికి అర నిమిషం చాలేది. బళ్ళో చేర్చేరోజు హెడ్మాస్టరుగారు పిల్లాణ్ణి తల మీంచి కుడిచేత్తో ఎడమచెవి పట్టుకోమనేవారు. అందిందా, అయిదేళ్ళు నిండినట్టే. రిజిస్టర్లో ‘జూన్ 1’ పడేది. అదే పదో తరగతి మెమోకీ, సర్వీసు రిజిస్టరుకీ, రిటైర్మెంటు సన్మానపత్రానికీ ఎక్కేది. ఎక్కడా ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు.

ఇంత దివ్యమైన పద్ధతి ఉండగా భూగర్భ శాస్త్రవేత్తలు పడే పాట్లు చూడండి. హైదరాబాదు గుట్టల గ్రానైటుకి దాదాపు 250 కోట్ల ఏళ్ళంటారు. కాగితమేదీ అంటే రాయిలో దాక్కున్న జిర్కాన్ అనే ఖనిజపు గింజను చూపిస్తారు.

ఆ గింజ కోసం కిలోల కొద్దీ రాయిని పొడికొట్టి, జల్లించి, నీళ్ళలో గాలించి, బరువైన ద్రవంలో పోస్తారు. గ్రానైటులో ఎక్కువగా ఉండే తేలికపాటి ఖనిజాలు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ తేలిపోతాయి, జిర్కాన్ మునుగుతుంది. ఇనుమున్న ఖనిజాలను అయస్కాంతం లాగేస్తుంది. మిగిలినవాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, మిల్లీమీటరులో పదోవంతుండే గింజల్ని సూదిమొనతో ఒక్కొక్కటే ఏరతారు. బియ్యంలో రాళ్ళేరే జాతికి ఇది తలకిందుల వ్యవహారం. నిన్నటి రాయి గింజ ఒక్కటి జల్లెడ సందులో ఇరుక్కుందా, ఇవాళ్టి రాయి ఫైల్లో ఎవరిదో మెమో చేరినట్టే.

జిర్కాన్‌కి మడి ఎక్కువ. స్ఫటికం కట్టేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది కానీ సీసాన్ని గడప తొక్కనివ్వదు. యురేనియమేమో దానంతటదే తరుగుతూ చివరికి సీసంగా మారుతుంది. కాబట్టి ఇప్పుడు లోపలున్న సీసం దాదాపు అంతా ఆ యురేనియం కడుపున పుట్టిందే. యురేనియం-238 సగమవడానికి 446.8 కోట్ల ఏళ్ళు, చివరికి మిగిలేది సీసం-206. యురేనియం-235కి 70.4 కోట్ల ఏళ్ళే, దాని వారసుడు సీసం-207. అంటే ఒకే గింజలో రెండు గడియారాలు. రెండూ ఒకే మాట చెప్తేనే నమ్ముతారట! మనమైతే ఆధార్లో ఒక తేదీ, పాన్ కార్డులో ఇంకో తేదీ ఉన్నా ఎలాగో సర్దుకుపోతాం. వీళ్ళేమో వికిరణానికి స్ఫటికం చితికి సీసం కారిపోయిందనీ, అందుకే వయసు తగ్గి కనిపిస్తోందనీ అనుమానిస్తారు. గింజను 900 డిగ్రీల దాకా కాల్చి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో చితికిన భాగాన్ని కరిగించి, మిగిలినదాన్ని మళ్ళీ విచారిస్తారు. పోలీస్ స్టేషన్లో కూడా ఇంత ఉండదు.

అక్కడితో అయిపోలేదు. గింజను సగం దాకా అరగదీసి ఎలక్ట్రాన్ పుంజం కింద పెడితే ఉల్లిపాయ పొరలు కనిపిస్తాయి. నడుమ ఏదో పాత రాయి నుంచి వచ్చిన ముక్క, పైన కొత్త కోటు. వయసు కొలవడానికి లేజరుతో కొట్టే గుంట 30 మైక్రాన్లే (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) అయినా, అది రెండు పొరల మీదా పడితే తాతకీ మనవడికీ సగటు వయసు వస్తుంది. ఆ వయసువాడు ఆ ఇంట్లో ఉండడు.

కార్బన్ డేటింగ్ చేయిస్తే పోలా అని ప్రతి టీకొట్టు దగ్గరా ఒక పెద్దమనిషి అడుగుతాడు. కార్బన్-14 సగమయ్యేది 5,730 ఏళ్ళకి. 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. గ్రానైటుకి అది పెట్టడమంటే బంగారం త్రాసులో లారీని తూచడమే.

ఇసుకరాయిది మరీ అన్యాయం. అందులో గింజలన్నీ పాత కొండల నుంచి కొట్టుకొచ్చినవి. వాటిని ఎంత అడిగినా ‘రాయి నాకన్నా పెద్దది కాదు’ అంటాయి తప్ప ఎంత చిన్నదో చెప్పవు. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి, కూర్చున్న చోటైతే, రెంటి నడుమ పదుల కోట్ల ఏళ్ళ రికార్డే గల్లంతు. మన ఆఫీసుల్లో ఫైలు పోతే విచారణ వేస్తారు. అక్కడ జాతీయ భూవైజ్ఞానిక స్మారకమని ప్రకటించారు.

ఇంతా చేసి చివర్న ‘ప్లస్ ఆర్ మైనస్ 50 లక్షల ఏళ్ళు’ అని రాయడానికి వాళ్ళకి సిగ్గు లేదు. అందుకే ఈ శాఖను వెంటనే మన హెడ్మాస్టర్లకు అప్పగించాలి. రాయికి చెవి ఎక్కడుందన్నది ఒక్కటే చిక్కు. దానికి కమిటీ వేసుకోవచ్చు.