యంత్రం సరే, చుక్క మాటేమిటి?

ఒక్క రక్తపు చుక్కతో పదుల పరీక్షలు చేస్తామనే పరికరం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా చర్చంతా సెన్సరు, చిప్పుల చుట్టూ తిరుగుతుంది. చుక్కను ఎవరూ పట్టించుకోరు. చిన్న నమూనా పరీక్షల్లో చాలా తప్పులు పుట్టేది మాత్రం అక్కడే.

గ్లూకోమీటర్ స్ట్రిప్‌నే తీసుకోండి. దానికి కావలసింది సుమారు అర మైక్రోలీటరు. మిల్లీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఘనంలో పట్టేది ఒక మైక్రోలీటరు, అందులో సగమన్నమాట. అంచు తాకగానే సన్నటి కాలువ రక్తాన్ని తనంతట తానే పీల్చుకుంటుంది. లోపల ఎంజైము గ్లూకోజు నుంచి లాగిన ఎలక్ట్రాన్లను ఒక మధ్యవర్తి రసాయనం ఎలక్ట్రోడ్‌కు చేరుస్తుంది. మీటరు కొలిచేది ఆ కరెంటునే. ఇందులో గొప్పతనమంతా ఎంజైముకే కట్టబెడతారు గానీ, సగం ఘనత కాలువది. కొలపాత్ర అదే: చుక్క ఎంత పెద్దదైనా లోపలికి పోయేది కాలువ పట్టినంతే. అది సగమే నిండితే చాలా మీటర్లు లెక్క మొదలుపెట్టకుండా ఎర్రర్ చూపిస్తాయి.

కాకపోతే, వచ్చింది రక్తమేనా అని కాలువ అడగదు. అర మైక్రోలీటరులో ఒక్క మైక్రోగ్రాము గ్లూకోజు అదనంగా కలిస్తే రీడింగ్ డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు పెరుగుతుంది. పండు ఒలిచిన వేలికి అంటిన రసం అందుకు చాలు. స్పిరిట్ దూదితో తుడిచినంత మాత్రాన ఆ చక్కెర పూర్తిగా పోదు. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడవాలి. కుదరకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండోది వాడాలి. రక్తం రాలేదని వేలు గట్టిగా పిండితే కణాల మధ్య ద్రవం కలిసి నమూనా పలచబడుతుంది. పొటాషియం పరీక్షకైతే పిండడం మరీ చేటు. ఎర్రకణాల్లో పొటాషియం ప్లాస్మాలో కన్నా పాతిక రెట్లకు పైగా ఉంటుంది. కొన్ని కణాలు చిట్లినా లేని జబ్బు రిపోర్టులోకి ఎక్కుతుంది.

సరిగ్గా తీసినా చుక్కకూ చుక్కకూ తేడా ఉంటుంది. ఒకే గాటు నుంచి వరసగా తీసిన చుక్కల్లో హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల లెక్కలు మారిపోతున్నాయని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించారు. నిలకడైన ఫలితానికి ఆరు నుంచి తొమ్మిది చుక్కల సగటు కావాల్సి వచ్చింది. అన్ని తీశాక ఇక ఒక్క చుక్క పరీక్ష ఎక్కడిది?

నవజాత శిశువుల పరీక్షకు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గుత్రీ 1960లలో వాడుకలోకి తెచ్చిన, కాగితంపై ఎండిన రక్తపు మచ్చది మరో రకం చిక్కు. మచ్చలోంచి 3.2 మిల్లీమీటర్ల బిళ్ళ కత్తిరిస్తే దాదాపు 3 మైక్రోలీటర్ల రక్తం వస్తుందని లెక్క. చిక్కటి రక్తం కాగితంపై తక్కువ దూరం పాకుతుంది కాబట్టి అదే బిళ్ళలో ఎక్కువ రక్తం ఉంటుంది. కాగితంపై గీసిన ఒకే వలయంలో చుక్క మీద చుక్క వేసినా అంతే.

వీటన్నిటికీ ఏదో ఒక మందు ఉంది. మందు లేనిది లెక్కల హద్దు. గ్లూకోజు డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు ఒక మైక్రోలీటరులో మూడు వేల లక్షల కోట్లకు పైగా అణువులుంటాయి, అందుకే స్ట్రిప్ పనిచేస్తుంది. మిల్లీలీటరుకు 100 వైరస్ కాపీలే ఉంటే? ఒక్కో మైక్రోలీటరు చొప్పున పది నమూనాలు తీస్తే దాదాపు తొమ్మిదింటిలో ఒక్క కాపీ కూడా దొరకదు. జన్యు పదార్థాన్ని కోట్ల కాపీలుగా పెంచే పీసీఆర్ కూడా లేనిదాన్ని పెంచలేదు. కొద్ది చుక్కల రక్తంతోనే ఎన్నో పరీక్షలు చేస్తామన్న అమెరికా కంపెనీ థెరానోస్ బండారం బయటపెడుతూ 2015లో వచ్చిన కథనాలకు ముందే ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకుని ఉండొచ్చు.

కొత్త పరికరం ప్రకటన చూసినప్పుడు సెన్సరు పేరు తర్వాత. నమూనా ఎన్ని మైక్రోలీటర్లు, పట్టగలిగే కనీస గాఢత ఎంత అని ముందు చూడాలి. తర్వాత పోలిక ఎలా చేశారో చదవాలి. సిర నుంచి ట్యూబులోకి తీసిన రక్తాన్నే పిపెట్‌తో చుక్కగా వేసి పరీక్షించి ఉంటే, ఆ ఫలితం వేలి చుక్కకు వర్తించదు.