సి అంటే కాలేది

వినియోగదారుల కోర్టుకెక్కాల్సిన కేసు ఒకటుంది. ఎవరూ ఎక్కడం లేదు కాబట్టి ఈ కాలమ్ ఆ భారం తలకెత్తుకుంటోంది. ఫిర్యాది మన సగటు తెలుగు యాత్రికుడు. ప్రతివాది బార్సిలోనా నగరం. జరిగిన నష్టం ఆరు నెలల స్పానిష్. రోజూ రాత్రి భోంచేశాక ఫోన్‌లో ఓ పిట్టబొమ్మ ఎగతాళి చేస్తుంటే పడుతూ లేస్తూ నేర్చుకున్న స్పానిష్ అది. "సలీద" అంటే బయటికి దారి, "సెర్రాదో" అంటే మూసేశారు, "కాయే" అంటే వీధి. అన్నీ కంఠతా వచ్చేశాయి. తీరా మెట్రో దిగి తలెత్తితే బాణం గుర్తు పక్కన కాటలన్ అనే మరో భాషలో "సుర్తీద" అని రాసుంది. పైకొస్తే వీధి పేరు ముందు "కర్రే". ఎదురుగా షాపు తలుపు మీద "తంకాత్". మూసేశారో, టీ దొరుకుతుందో తేల్చుకోలేక మనవాడు అక్కడే పది నిమిషాలు నిలబడతాడు. మూసేశారు. తెరిచి ఉంటే "ఉబెర్త్" అని ఉంటుంది. అది చూసి క్యాబ్ వస్తుందని ఎదురుచూడకూడదు.

ఇక తలుపుల సంగతి. "అంపన్యేవు" అంటే తొయ్యండి, "అస్తిరేవు" అంటే లాగండి. మొదటి రోజు తలుపుతో కుస్తీ పట్టని యాత్రికుడు ఉండడు. దీనికన్నా ప్రమాదకరమైనవి మరుగుదొడ్డి తలుపులు. ఒకదాని మీద ఉన్న అక్షరాలను ఇంగ్లిష్ అలవాటుతో చదివితే "హోమ్స్", రెండోదాన్ని చదివితే "డన్స్". ఒకటి ఇళ్లు, ఒకటి అయిపోయినవి అనుకుని పని అయిపోయినవాళ్ల వైపు నడిచారో, లోపల అమ్మలు కేకలేస్తారు. "ఓమస్" అంటే మగవాళ్లు, "దోనస్" అంటే ఆడవాళ్లు. దోనస్‌లో 'దొరసాని' వినపడుతోందని గుర్తుపెట్టుకుంటే మర్యాద దక్కుతుంది.

ప్రతివాది తరఫు వాదన కూడా వినాలి కదా. "అయ్యా, మీరు దిగింది స్పెయిన్‌లోనే. కాకపోతే దాని ఈశాన్య మూలనున్న కాటలోనియా ప్రాంతంలో దిగారు. ఇక్కడ అధికార భాషలు రెండు కూడా కాదు, మూడు. కాటలన్, స్పానిష్, ఆపైన పిరెనీస్ కొండల్లో ఆరాన్ లోయవాళ్ల ఆక్సితాన్. 1992 ఒలింపిక్స్‌నే మేం నాలుగు అధికార భాషల్లో నడిపాం. దుకాణాల్లో కొనేవాళ్ల కోసం పెట్టే బోర్డు మీద కనీసం కాటలన్ ఉండాలని 1998 నాటి భాషా చట్టం చెబుతోంది. ఇక స్పానిష్ అంటారా, 1978 రాజ్యాంగం ప్రకారం అది ప్రతి స్పెయిన్ పౌరుడికీ వచ్చి తీరాలి, కాబట్టి మాకూ వచ్చు. మీకు ఇబ్బందేమిటి?"

ఇక్కడే మనవాడు తన బ్రహ్మాస్త్రం తీస్తాడు. "కాటలన్ అంటే స్పానిష్‌లో ఓ యాసే కదండీ?"

గమనించగలరు, ఈ మాట అంటున్నది ఎవరు? ఢిల్లీలో ఎవడో "మద్రాసీ" అన్నాడని ముప్పై ఏళ్లుగా ఆ మంట చల్లారనివాడు. తెలుగు, తమిళం ఒకటే కదా అని ఎవరైనా అంటే రాత్రంతా వాట్సాప్‌లో లిపి చరిత్ర, నన్నయ, శాసనాలు పంపేవాడు. ఆ మనిషే బార్సిలోనాలో అయిదు గంటలు గడిపి, ఎదురుగా ఉన్న పెద్దాయనకు ఆయన భాష ఏమిటో వివరిస్తున్నాడు. కిటికీని స్పానిష్‌లో "వెంతాన" అంటారు, కాటలన్‌లో "ఫినెస్త్ర". బల్ల అక్కడ "మేస", ఇక్కడ "తావ్ల". తినడం అక్కడ "కొమేర్", ఇక్కడ "మంజా". మాట్లాడడం అక్కడ "అబ్లార్", ఇక్కడ "పర్లా". రెండూ లాటిన్ తల్లి పిల్లలే. అక్కాచెల్లెళ్లలో ఒకరు మరొకరి యాస అవుతారా? పోనీ చరిత్ర చూద్దామంటే, 1716లో రాజశాసనం వచ్చి కాటలోనియా సొంత వ్యవస్థలను తీసిపారేసింది. 1939 నుంచి 1975 దాకా నియంత ఫ్రాంకో హయాంలో కాటలన్‌ను ఆఫీసుల నుంచీ బడుల నుంచీ గెంటేశారు. 1979లో స్వయంప్రతిపత్తి చట్టంతో అది మళ్లీ అధికార భాషగా నిలదొక్కుకుంది. మూడు వందల ఏళ్లుగా తెగని ఈ పంచాయితీని మనవాడు మంగళవారం మధ్యాహ్న భోజనం లోపు తేల్చేసి, రెండింటికి సగ్రాద ఫమీలియ చర్చి చూడ్డానికి వెళ్లాలి. టికెట్ బుక్ అయింది మరి.

ఈ ఫిర్యాదికి సరిగ్గా ఎదురు రకం కూడా ఒకడున్నాడు. వాడు ఇంకా ప్రమాదం. ముందే అన్నీ చదివేసుకుని, స్పానిష్ నోటెంట రాకూడదని ఒట్టు పెట్టుకుని, కాటలన్‌లో నలభై వాక్యాలు బట్టీపట్టి వస్తాడు. బేకరీలోకి వెళ్లి ఛాతీ విరుచుకుని "బోన్ దీయ! ఉన్ కఫె అమ్ యేత్, సిస్‌ప్లావ్!" అంటాడు. పాలు కలిపిన కాఫీ ఒకటి ఇవ్వండి అని అర్థం. ఉచ్చారణ నిక్షేపంగా ఉంది. కౌంటర్‌లో ఆవిడ చిరునవ్వు నవ్వి, తక్షణం స్పానిష్‌లోకి మారిపోతుంది. వీడు కాటలన్ అంటాడు, ఆవిడ స్పానిష్ అంటుంది. వీడు మళ్లీ కాటలన్ అంటాడు, ఆవిడ ఇంగ్లిష్‌లోకి దిగుతుంది. ఆవిడ అనేది మర్యాదకే. పరాయి యాస చెవిన పడగానే స్పానిష్‌లోకి జారిపోవడం అక్కడ తరాలుగా అలవాటైపోయింది. మన హైదరాబాద్‌లో ఎదుటివాడు ఆగి ఆగి తెలుగు కూడబలుక్కుంటుంటే మనం ఏం చేస్తాం? "ఠీక్ హై, బోలో" అనమా? అచ్చంగా అదే. ఆపైన ఆ కౌంటర్ వెనక ఉన్నావిడ కొలంబియా నుంచో హోండురస్ నుంచో వచ్చి ఉండే అవకాశమూ గట్టిగానే ఉంది. అప్పుడు ఆ దుకాణంలో కాటలన్ మాట్లాడుతున్న ఏకైక వ్యక్తి మనవాడే. నిజంగా నేర్చుకోవాలనే కోరిక ఉంటే "అస్తిక్ అప్రనెన్ కతలా" అనాలి. కాటలన్ నేర్చుకుంటున్నానండీ అని. దానికి కరగని కాటలన్ మనిషి అరుదు. కరిగాక మాత్రం వాళ్లు మాట్లాడే వేగం అందుకోవడం మీ కర్మ.

వీళ్లిద్దరికీ నడుమ ఉన్న దారి చాలా చిన్నది, అందుకే ఎవరికీ కనపడదు. దుకాణంలో అడుగు పెడుతూ "బోన్ దీయ", మధ్యాహ్నం దాటితే "బోన తార్ద". ఆ తర్వాత స్పానిషో ఇంగ్లిషో మీకు వచ్చింది మాట్లాడుకోండి. వచ్చేటప్పుడు "అదేవు". థాంక్స్ చెప్పడానికి "గ్రాసియస్" ఉంది గానీ, జనం నోట ఎక్కువగా నలిగేది "మెర్సీ". ఫ్రెంచి వాళ్లదని సందేహపడక్కర్లేదు, ఇక్కడా అదే. స్పానిష్‌ను "ఎస్పన్యోల్" అనే బదులు "కస్తెల్యా" అంటే సగం గొడవ అక్కడే సద్దుమణుగుతుంది. మొత్తం ఖర్చు అయిదు మాటలు.

ఇవైనా చదివినట్టు పలికితే కుదరదు. పసెచ్ ద గ్రాసియ అన్న పెద్ద వీధి ఉంది, వాస్తుశిల్పి గౌడీ కట్టిన ఇళ్లున్నది. బోర్డు మీద దాని చివర 'ఐజి' అని రెండు అక్షరాలుంటాయి, వాటిని "చ్" అనాలి. మనవాడు "పాసెయిగ్" అని టాక్సీవాడికి మూడుసార్లు చెప్పి, చివరికి ఫోన్ చూపిస్తాడు. కర్రేలో చివరి 'ఆర్' రాతలోనే, పలకరు. పరలెల్ అనే మెట్రో స్టేషన్ పేరులో రెండు 'ఎల్'ల మధ్య, సరిగ్గా నడుమ ఎత్తులో ఒక చుక్క ఉంటుంది. బోర్డు మీద ఈగ వాలిందనుకుని చాలామంది పట్టించుకోరు. ఆ చుక్క లేకపోతే ఆ జంట "ల్య" అయి కూర్చుంటుంది. 1913లో భాషావేత్త పొంపేవు ఫాబ్ర కూర్చిన వర్ణక్రమ నియమాల నుంచి అది అక్కడే ఉంది. ఒక్క చుక్క కోసం ఇంత గలాటా ఏమిటని అడిగే హక్కు, అరసున్నా, బండిర కోసం ఇప్పటికీ కొట్టుకునే మనకు లేదు.

ఇక అసలు విషయం, తిండి. ఇక్కడ ఫిర్యాది కేసు బలంగా ఉంది, ఒప్పుకోవాలి.

శాకాహారి యాత్రికుడు "సెన్స కర్న్" అనడం నేర్చుకుని వస్తాడు. మాంసం లేకుండా అని. ఇంగ్లిష్‌లో సెన్స్ అంటే మనిషికి ఉండాల్సినది, కాటలన్‌లో "సెన్స" అంటే లేనిది. ఇంతవరకూ బాగానే ఉంది. ప్లేటు వస్తుంది, పాలకూర, మీద ఎండుద్రాక్ష, పైన్ గింజలు. తీరా కలిపి చూస్తే మధ్యలో చిన్న చిన్న గులాబీ ముక్కలు. పిలిచి అడిగితే వెయిటర్ ఆశ్చర్యపోతాడు. "కర్న్ లేదే! అది పర్నీల్." పంది తొడ మాంసాన్ని ఉప్పేసి ఆరబెట్టింది పర్నీల్, స్పానిష్‌లో హామోన్. కర్న్ అంటే వాళ్ల లెక్కలో కోసి, వండి, ప్లేటు నిండా పెట్టేది. పర్నీల్ మన కరివేపాకు లెక్క, రుచి కోసం పడేది. కరివేపాకు వేశారా అని మనం ఎవరినైనా అడుగుతామా? సలాడ్‌లో "తున్యీన" సంగతీ ఇంతే. అది ట్యూనా చేప, కానీ "పెష్", అంటే చేపగా, లెక్కకు రాదు. అందుకని ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా వరసగా చదవాలి, "సెన్స కర్న్, సెన్స పెష్, సెన్స పర్నీల్, సెన్స తున్యీన" అని. కాస్త విష్ణు సహస్రనామంలా వినపడుతుంది, ఫలితమూ అంతే పుణ్యం. అమనీద కతలాన అని కనిపిస్తే మాత్రం దణ్ణం పెట్టి పక్కకు జరగండి. పేరుకు సలాడ్, పైన పరిచేవి మాంసం తునకలు.

తర్వాత "త్రూయ్త". కాటలన్‌లో ఆమ్లెట్‌కూ త్రూయ్తే, మంచినీళ్లలో పెరిగే ఒక చేపకూ త్రూయ్తే. స్పానిష్‌లో తోర్తియ, త్రూచ అని రెండు వేర్వేరు మాటలున్నాయి, కాటలన్ పొదుపు చేసింది. మెనూలో "త్రూయ్త ద పతాతస్" అంటే బంగాళాదుంప ఆమ్లెట్, "త్రూయ్త ద రీవు" అంటే ఏటి చేప. వెనక వచ్చే మాట చూడకుండా వేలుపెట్టి చూపించారో, కళ్లున్న గుడ్డు ప్లేట్లోకి వస్తుంది. డల్లాస్ నుంచి వచ్చే మనవాళ్లది ఇంకో బాధ. వాళ్లకు తోర్తియ అంటే మెక్సికో రొట్టె. ఇక్కడ స్పానిష్‌లో అడిగినా రొట్టె రాదు, గుడ్డే వస్తుంది.

నిశ్చింతగా తినదగ్గది "పామ్ తుమాకత్". రొట్టె ముక్క కాల్చి, బాగా పండిన టమాటాను అడ్డంగా రెండుగా కోసి, రొట్టె మీద రసం ఇంకేదాకా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు చల్లుతారు. కొందరు ముందు వెల్లుల్లి రుద్దుతారు. టమాటా తొక్క పారేస్తారు. మన నాలుకకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి లేని లోటు తప్ప దోషం లేదు. "అస్కలివాద" అని మరొకటుంది. వంకాయ, ఎర్ర క్యాప్సికం నిప్పుల మీద కాల్చి తొక్క తీసి, నూనె పోసి పెడతారు. రోట్లో వేసి నూరడం మరచిపోయిన వంకాయ పచ్చడి అన్నమాట. పైన చిన్న చేపముక్కలు పడలేదని చూసుకోవడం మీ బాధ్యత.

గంటల లెక్క దగ్గర మాత్రం రెండు భాషలూ కలిసి మనవాణ్ణి ముంచుతాయి. "దోస్ క్వార్త్స్ ద క్వాత్ర"కు కలుద్దాం అంటాడు కాటలన్ మిత్రుడు. స్పానిష్ వచ్చిన మనవాడి చెవికి "రెండు", "నాలుగు" వినపడతాయి. రెండింటి నుంచి నాలుగింటి లోపు ఎప్పుడైనా రావచ్చని తీర్మానించి, నాలుగింటికి తాపీగా చేరతాడు. మిత్రుడు అప్పటికే ఎదురుచూసి వెళ్లిపోయాడు. మూడు దాటి నాలుగు వైపు నడిచే గంటలో పావులు ఎన్ని నిండాయో చెప్పడం కాటలన్ పద్ధతి. ఒక పావు నిండితే మూడుంపావు, రెండు నిండితే మూడున్నర, మూడు నిండితే "త్రేస్ క్వార్త్స్ ద క్వాత్ర", అంటే పావు తక్కువ నాలుగు. మనం ఒక్క పావుతక్కువకే వచ్చే గంట పేరెత్తుతాం, వాళ్లు మొదటి పావు నుంచే ఎత్తేస్తారు. రైలు టికెట్ మీద అంకెలే ఉంటాయి, భయం లేదు. అపాయమంతా స్నేహితులతోనే.

రాష్ట్రం దాటితే కొత్త పేచీలు. వలెన్సియాలో ఇదే భాషను వలెన్సియా భాష అంటారు, కాటలన్ అంటే కొందరికి ముఖం మాడుతుంది. బయటికి దారి కూడా అక్కడ "ఎయిషీద". మయోర్కా దీవిలో పదం ముందు వచ్చే "లా" మాయమై "సా" అవుతుంది. కోస్తా, రాయలసీమ, తెలంగాణల మధ్య యాస మీద జోకులేసుకునే మనకు ఇది విప్పి చెప్పక్కర్లేదు.

ఇన్ని తగాదాల మధ్య మాడ్రిడ్, బార్సిలోనా ఏకాభిప్రాయంతో నడిపే సంస్థ హోటల్ స్నానాల గదిలో కుళాయి. రెండు భాషల్లోనూ 'సి' అంటే వేడి, కాటలన్‌లో కలెంత్, స్పానిష్‌లో కలియెంతె. 'ఎఫ్' అంటే చల్లన, ఫ్రెద్, ఫ్రియో. ఇంగ్లిష్ చదువుకున్న పాపానికి మనవాడు 'సి' అంటే కోల్డ్ అని పూర్తిగా తిప్పి, కింద తల పెట్టి, వీధి వినపడేలా అచ్చ తెలుగులో అరుస్తాడు. ఆ గదిలో ఆ రోజు మాట్లాడిన మూడో భాష అది. 'సి' అంటే "కాలేది" అని ముందే అనుకుని ఉంటే పోయేది.

నెత్తికి రాసుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని మనవాడు రవాల్ పేటలోకి వెళతాడు. వీధి చివర కిరాణా కొట్టు, తలుపు మీద "ఉబెర్త్". "బోన్ దీయ" అంటాడు జాగ్రత్తగా. గల్లాపెట్టె వెనక పాకిస్తాన్ పంజాబ్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకసారి ఎగాదిగా చూసి, "హైదరాబాద్ సే?" అంటాడు. ఆ తర్వాత బేరం, కలబంద జెల్లీ, వాతావరణం, బిర్యానీ అన్నీ దక్కనీలోనే సాగిపోతాయి. బిల్లు మాత్రం కాటలన్‌లో వస్తుంది. మనవాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తలుపు తోసి, అది లాగాల్సిన తలుపని తెలుసుకుని, "మెర్సీ భాయ్" అని బయటపడతాడు.